పుట్టని బిడ్డ తరఫున మాట్లాడాలంటే: కతోలికులకు ఆచరణ సూచనలు

గర్భస్రావం తప్పని నలుగురిలో చెప్పాలంటే ముందు మన విశ్వాసం నిలబడాలి. దేవుడి ప్రస్తావన రాగానే నవ్వి మాట మార్చేసే చోట పనిచేస్తూ విశ్వాసం నిలుపుకోవాలంటే వాదన కంటే ముందు ప్రార్థనకు వేళ కుదరాలి. "వీలున్నప్పుడు ప్రార్థిద్దాం" అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. పొద్దున ఫోన్ ముట్టుకోకముందు పది నిమిషాలు ఆనాటి సువిశేష పఠనం, మధ్యాహ్నం 12కి త్రికాల జపం (దేవదూత మరియమ్మకు చెప్పిన శుభవార్తను తలచుకునే చిన్న ప్రార్థన), పడుకునే ముందు ఆత్మపరిశీలన, ఇంతే పెట్టుకోండి. త్రికాల జపానికి రెండు నిమిషాలు చాలు, మనసులో చెప్పుకున్నా సరిపోతుంది. మొదటివారమే రోజూ పూర్తి జపమాల, ఒక్కపొద్దు అంటూ మొదలుపెట్టేవాళ్లు త్వరగా మానేస్తారు.

ఆదివారం డ్యూటీ పడితే శనివారం సాయంత్రం దివ్యపూజలో పాల్గొన్నా బాధ్యత తీరుతుంది. అదీ కుదరకపోతే ఏ షిఫ్టు కావాలో రోస్టర్ వేయకముందే అడగండి. వేశాక బతిమాలితే పని కాదు. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ఏడాదికోసారి అన్నది కనీస నియమం మాత్రమే. నెలకోసారి వెళ్తేనే అది అలవాటుగా నిలుస్తుంది.

ఇక గర్భస్థ శిశువు విషయంలో నోరు విప్పేముందు లెక్క సరిచూసుకోండి. ఎక్కువమంది తడబడేది వారాల దగ్గరే. డాక్టర్లు గర్భాన్ని ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కగడతారు. ఫలదీకరణ జరిగేది సుమారు రెండు వారాల తర్వాత. అంటే స్కానింగ్ రిపోర్టులో 6 వారాలు అని ఉంటే పిండం వయసు సుమారు 4 వారాలే. గుండె కదలిక స్కానింగ్‌లో కనిపించడం దాదాపు అప్పుడే మొదలవుతుంది. కానీ నాలుగు గదుల గుండె అప్పటికింకా తయారు కాదు. ఒక లెక్కలోని వారాలకు ఇంకో లెక్కలోని వర్ణన అతికిస్తే, వైద్యం తెలిసినవాళ్లు ఒక్క మాటలో మిమ్మల్ని ఆపేస్తారు.

అసలు గుండె చప్పుడు మీద వాదన కట్టకపోవడమే మేలు. గుండె కొట్టుకోకముందు ప్రాణం లేదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఫలదీకరణతోనే తల్లిదీ తండ్రిదీ కాని కొత్త జన్యు నిర్మాణంతో ఒక మానవజీవి మొదలవుతుంది, ఇది జీవశాస్త్రం. ఆ క్షణం నుంచే ఆ ప్రాణాన్ని గౌరవించి కాపాడాలనేది కతోలిక శ్రీసభ సత్యోపదేశం (శ్రీసభ బోధనల అధికారిక గ్రంథం) 2270వ పేరా, ఇది నైతిక బోధ. రెంటినీ విడివిడిగా చెప్పండి. నమ్మకం లేనివారి ముందు మొట్టమొదటే బైబిలు వచనం తీస్తే "అది మీ మతం" అని తేల్చేస్తారు.

"ఆమె శరీరం, ఆమె ఇష్టం. మధ్యలో మీకేంటండీ?" అని తోటి ఉద్యోగి అన్నారనుకోండి. "ఆమె శరీరం మీద ఇంకొకరి పెత్తనం తప్పేనండీ. కడుపులో ఉన్నది ఆమె శరీరంలో భాగమా, వేరే ప్రాణమా అన్న దగ్గరే నా ఇబ్బంది. మీరేమంటారు?" అని అడిగి, ఆగండి. ఆగడమే కష్టం. చాలామంది జవాబు వినకుండానే రెండో పాయింటు ఎత్తుకుంటారు.

తర్వాత వచ్చే ప్రశ్నలు ఊహించదగ్గవే. మరి ఉరిశిక్ష సంగతేంటని అడిగితే, మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని 2018లో సత్యోపదేశం 2267వ పేరాను పోప్ ఫ్రాన్సిస్ సవరించారు. తల్లి ప్రాణం మీదికొస్తే? క్యాన్సర్ సోకిన గర్భాశయాన్ని తొలగించినప్పుడు బిడ్డ దక్కకపోయినా అది నేరుగా చేసిన గర్భస్రావం కాదు. అక్కడ చేసింది చికిత్స. అత్యాచారం ప్రశ్న అన్నిటికంటే బరువైనది. "నేరం తండ్రిది, శిక్ష బిడ్డకా?" అనే మాటలో న్యాయం ఉంది, కానీ దానితోనే మొదలుపెడితే బాధితురాలిని పక్కకు నెట్టినట్టవుతుంది. ముందు ఆమె భద్రత, ఆమెకు తోడు గురించే మాట్లాడండి.

ఎక్కడ మాట్లాడినా, వినేవాళ్లలో గర్భస్రావం చేయించుకున్నవారు ఉన్నారనుకునే మాట్లాడాలి. "హంతకులు" అనే మాట, ఛిద్రమైన పిండాల ఫొటోలు వద్దు. అవి మనసు మార్చవు, ఉన్న గాయాన్ని కెలుకుతాయి. రెండవ జాన్ పాల్ పోప్ 1995 నాటి తన విశ్వలేఖ (పోప్ శ్రీసభ అంతటికీ రాసే బోధనా లేఖ) 'ఎవాంజేలియుం వీతే'లో ఆ స్త్రీలతోనే నేరుగా మాట్లాడి, ఆశ వదులుకోవద్దన్నారు. ఈ పాపానికి క్షమాపణ ఇచ్చే అధికారాన్ని 2016లో పోప్ ఫ్రాన్సిస్ గురువులందరికీ, అంటే ఫాదర్లందరికీ, ఇచ్చారు. బిషప్ దాకా వెళ్లాలేమోనని వెనకాడేవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

నర్సులు, ఫార్మసిస్టులు తమ అభ్యంతరాన్ని ఉద్యోగంలో చేరేటప్పుడే కాగితం మీద పెట్టాలి. ఏ పనిలో పాల్గొనరో స్పష్టంగా రాయండి, ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా ఆగొద్దు. గర్భస్రావం తర్వాత రక్తస్రావంతో వచ్చినామెకు వైద్యం చేయనని అనడానికి మాత్రం వీల్లేదు. ఆ ప్రాణమూ ప్రాణమే.

దిక్కుతోచక మీ దగ్గరికి వచ్చిన గర్భవతికి ఉపదేశం మొదలుపెట్టకండి. ఇంట్లో భయముందా, డాక్టర్‌కు చూపించుకున్నారా, విషయం ఎవరికి తెలుసు అని ముందు అడగండి. తర్వాతి చెకప్‌కు తోడు వెళ్లండి. డబ్బు, వసతి విషయంలో ప్రసవం తర్వాత కూడా నిలబెట్టుకోగలిగినంతకే మాట ఇవ్వండి. మిగతాది విచారణలో (మీ చర్చి పరిధిలో) ఇంకో రెండు మూడు కుటుంబాలతో పంచుకోండి, అయితే ఆమె ఒప్పుకోకుండా పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి.