పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నప్పుడు ఫారం 17సి నకలు సరిగ్గా తీసుకోవడం ఎలా?

అసెంబ్లీకో లోక్‌సభకో ఎన్నికలు వచ్చాయంటే పోలింగ్ ఏజెంట్లకు, అంటే బూత్‌లో అభ్యర్థి తరఫున కూర్చునేవాళ్లకు, టిఫిన్లు ఎవరు అందించాలి, స్లిప్పులు ఎవరు పంచాలి అని పార్టీలు పదిసార్లు చెబుతాయి. సాయంత్రం బూత్ నుంచి బయటికొచ్చేటప్పుడు ఏజెంటు చేతిలో ఏ కాగితం ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ కాగితం ఫారం 17సి నకలు. ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో ప్రిసైడింగ్ అధికారి (ఆ బూత్‌లో పోలింగ్ నడిపే అధికారి) సంతకంతో ఉండే లెక్క అది. అది లేకుండా కౌంటింగ్ హాల్లో "మా బూత్‌లో ఇన్ని ఓట్లు పడలేదు" అని ఎంత అరిచినా పట్టించుకునేవాళ్లు ఉండరు. పట్టించుకోనక్కర్లేదు కూడా.

ఇక్కడ చెబుతున్నది కేంద్ర ఎన్నికల సంఘం ఈవీఎంలతో జరిపే ఎన్నికల గురించి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కింద, పార్టీ గుర్తులు లేకుండా, బ్యాలెట్ పత్రాలతో జరుగుతాయి. ఆ పద్ధతి వేరు.

ముందురోజు సిద్ధం చేసుకోవాల్సినవి

అభ్యర్థి గానీ ఎన్నికల ఏజెంటు (అభ్యర్థి తరఫున ఎన్నిక పనులన్నీ చూసే ప్రతినిధి) గానీ సంతకం చేసిన ఫారం 10, అంటే మీ నియామక పత్రం, మీ ఓటరు గుర్తింపు కార్డు, ఆ బూత్ ఓటర్ల జాబితా. ఫారం 10 మీద సంతకాన్ని ప్రిసైడింగ్ అధికారి తన దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తారు, తేడాగా ఉంటే లోపలికి రానివ్వరు. బూత్‌కు ఒక ఏజెంటును, ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లను పెట్టుకోవచ్చు గానీ లోపల కూర్చునేది ఒక్కరే. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. కాబట్టి ఫొటో తీసుకుంటాలే అన్న ధీమా వద్దు.

కుట్టిన నోట్‌బుక్ ఒకటి, బాల్‌పెన్నులు రెండు. విడి కాగితాలు, పెన్సిల్ వద్దే వద్దు. చెరిపి రాసిన అంకె ఎవరినీ నమ్మించదు.

మాక్ పోల్

మాక్ పోల్ అంటే యంత్రాన్ని పరీక్షించడానికి వేసే నమూనా ఓట్లు. పోలింగ్ ఏడింటికి మొదలైతే ఇది గంటన్నర ముందు, అంటే ఐదున్నరకు. తీరిగ్గా ఏడింటికి వచ్చే ఏజెంటు సగం పని వదులుకున్నట్టే. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి బటన్ నొక్కి చూడాలి. ఎవరికి ఎన్ని వేశారో నోట్‌బుక్‌లో రాసుకుని, కంట్రోల్ యూనిట్ (అధికారి దగ్గరుండే, ఓట్లు నమోదయ్యే భాగం) చూపే ఫలితంతోనూ వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో స్లిప్పు ముద్రించే యంత్రం) స్లిప్పులతోనూ సరిచూడండి.

తర్వాత ఆ ఓట్లు చెరిపేయడానికి క్లియర్ నొక్కడం మీ కళ్లతో చూడాలి. టోటల్ నొక్కించి సున్నా కనబడ్డాకే, వీవీప్యాట్ పెట్టె ఖాళీ అయ్యాకే మాక్ పోల్ ధ్రువపత్రంపై సంతకం పెట్టండి. మాక్ స్లిప్పుల వెనక ముద్ర వేసి నల్ల కవరులో సీలు చేస్తారు. కంట్రోల్ యూనిట్‌కు గ్రీన్ పేపర్ సీల్ వేసేటప్పుడు దాని మీద మీరూ సంతకం చేయవచ్చు, తప్పకుండా చేయండి. సీల్ నంబరు, కంట్రోల్ యూనిట్ నంబరు, బ్యాలెట్ యూనిట్ (ఓటరు బటన్ నొక్కే భాగం) నంబరు, వీవీప్యాట్ నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్కో వరుసలో రాయండి. పక్క పార్టీ ఏజెంటు రాసుకున్నది చూసి ఎక్కించుకోవద్దు, యంత్రం మీద చూసి రాయండి. సాయంత్రం అవసరమయ్యేవి ఈ నంబర్లే.

పగలంతా

చాలామంది ఓటర్ల జాబితాలో పేరు పక్కన టిక్కు కొట్టి, మన ఓట్లు ఎన్ని పడ్డాయి, వాళ్లవి ఎన్ని పడ్డాయి అని అంచనాలు వేస్తూ కూర్చుంటారు. టిక్కు కొట్టండి, తప్పులేదు. కానీ దాంతో లెక్క తేలదు. ఒక టిక్కు మరిచిపోతే రోజంతా తేడాయే, ఆ తేడా ఎక్కడొచ్చిందో వెతకడానికి దారి ఉండదు. రెండు గంటలకోసారి ప్రిసైడింగ్ అధికారి పోలింగ్ శాతం పైకి పంపుతారు. ఆ సమయంలోనే రెండు అంకెలు అడిగి పక్కపక్కన రాసుకోవాలి: ఫారం 17ఏ రిజిస్టర్‌లో (ఓటేసే ముందు ఓటర్లు సంతకం పెట్టే పుస్తకం) చివరి వరుస నంబరు, కంట్రోల్ యూనిట్‌లో టోటల్. తేడా వస్తే ఆ రెండు గంటల్లోనే ఎక్కడో వచ్చింది, వెతకడం తేలిక. సాయంత్రం ఆరింటికి ఒక్కసారే చూసుకుంటే తొమ్మిది వందల పేర్లలో వెతకాలి, అప్పుడు ఎవరికీ ఓపిక ఉండదు.

మధ్యలో వచ్చే ప్రత్యేక సందర్భాలను సమయంతో సహా రాయండి. ఓటరు గుర్తింపు మీద అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయవచ్చు, అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. తన ఓటు అప్పటికే ఎవరో వేశారని తేలిన ఓటరుకు టెండర్ బ్యాలెట్ అనే కాగితపు బ్యాలెట్ ఇస్తారు. ఆ ఓటరు సంతకం టెండర్ ఓట్ల జాబితా అయిన ఫారం 17బిలో ఉంటుంది, 17ఏలో కాదు. ఓటు యంత్రంలోకీ వెళ్లదు. భోజనానికి వెళ్లేటప్పుడు నోట్‌బుక్ రిలీఫ్ ఏజెంటుకు అప్పగించండి. టిక్కులు కొట్టిన జాబితా బూత్ దాటి బయటికి తేకూడదు.

అసలు పని: క్లోజ్ నొక్కాక

సమయం అయిపోయేసరికి వరుసలో ఉన్నవాళ్లకు చివరి వ్యక్తి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. చివరి చీటీ ఓటు పడ్డాక, ఇక ఓట్లు పడకుండా కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్ నొక్కుతారు. సరిగ్గా ఇక్కడే చాలామంది ఏజెంట్లు లేచి బయటికి వెళ్లిపోతారు. ఇంకొందరు మధ్యాహ్నమే, "పొద్దుపోతుంది సార్, ఇప్పుడే పెట్టేయండి" అని పోలింగ్ సిబ్బంది అనగానే ఖాళీ 17సి మీద సంతకం చేసి ఉంటారు. ఖాళీ ఫారం మీద సంతకం ఎవరడిగినా, ఎంత మర్యాదగా అడిగినా పెట్టకండి. అంకెలు నిండని 17సి మీద మీ సంతకం ఉంటే, తర్వాత అందులో ఏ అంకె వేసినా దానికి మీరు ఒప్పుకున్నట్టే.

అంకెలు నింపేటప్పుడు అధికారి పక్కనే నిలబడి వరుస వరుసా చూడండి. లెక్క ఇలా ఉంటుంది. 17ఏ రిజిస్టర్‌లో చివరి నంబరు 914 అనుకోండి. సంతకం పెట్టాక ఓటు వేయనని వెళ్లిపోయినవాళ్లు ఇద్దరు, వీళ్లు ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49-ఓ కిందికి వస్తారు. ఓటు గోప్యత పాటించనందుకు అధికారి ఓటు వేయనివ్వనిది ఒకరిని, ఇది 49-ఎం. 914 లోంచి 2, 1 తీసేస్తే 911. యంత్రంలో టోటల్ 911 చూపాలి. అంతే.

ఇంత చిన్న కూడికా తీసివేతా ఎందుకు తప్పుతుందంటే, టెండర్ ఓట్లనూ టెస్ట్ ఓట్లనూ ఇందులో కలిపేస్తారు. టెండర్ ఓటు 17ఏలో లేదు, యంత్రంలోనూ లేదు. దాన్ని కలపనూ వద్దు, తీసేయనూ వద్దు, దానికి వేరే వరుస ఉంది. టెస్ట్ ఓటు సంగతి ఇంకొంచెం తిరకాసు. తాను నొక్కింది ఒకటి, వీవీప్యాట్‌లో కనబడింది ఇంకొకటి అని ఓటరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 49-ఎంఏ కింద అధికారి, ఏజెంట్ల ఎదుట టెస్ట్ ఓటు వేయిస్తారు. దానికోసం 17ఏలో ఆ ఓటరు పేరు రెండోసారి రాస్తారు. అంటే టెస్ట్ ఓటు రిజిస్టర్‌లోనూ ఉంది, యంత్రంలోనూ ఉంది. కాబట్టి ఈ రెండూ సరిపోల్చేటప్పుడు దాన్ని తీసేస్తే ఒకటి తేడా వచ్చి కంగారు పుడుతుంది. తీసేయాల్సింది కౌంటింగ్‌లో, అదీ ఏ అభ్యర్థికి పడిందో ఆ అభ్యర్థి లెక్కలోంచి. అందుకే 17సిలో టెస్ట్ ఓటు వరుసలో సంఖ్య, 17ఏ నంబరు, అభ్యర్థి పేరు, మూడూ ఉన్నాయా అని చూడండి.

లెక్క కుదరకపోతే కారణం చాలావరకు తేడా అంకెలోనే కనబడుతుంది. యంత్రంలో సరిగ్గా మాక్ పోల్ ఓట్లంతే ఎక్కువ ఉంటే పొద్దున క్లియర్ నొక్కలేదన్నమాట. 10 గానీ 100 గానీ తేడా ఉంటే 17ఏలో పేజీ మారేచోట వరుస నంబరు దూకి ఉంటుంది, పేజీల చివరి నంబర్లు చూస్తే దొరికిపోతుంది. యంత్రంలో ఒకటి తక్కువుంటే, సంతకం పెట్టి ఓటు వేయకుండా వెళ్లినవాళ్ల గురించి రిమార్క్ రాయడం మరిచిపోయి ఉంటారు. ఒకటి ఎక్కువుంటే రిజిస్టర్‌లో రాయకుండానే ఎవరికో బ్యాలెట్ బటన్ (ఓటు వేయడానికి వీలిచ్చే, కంట్రోల్ యూనిట్ మీది బటన్) నొక్కి ఉంటారు. అప్పుడు రెండు గంటలకోసారి రాసుకున్న మీ అంకెలు తీయండి.

కారణం దొరక్కపోతే అంకెలు సర్దనివ్వకండి. "ఒక్క ఓటే కదా, 911 వేసేద్దాం" అని అధికారి అనవచ్చు, మిగతా ఏజెంట్లూ ఊఁ అనవచ్చు. ఒప్పుకోకూడదు. తేడా ఉంటే అదెంతో రాయడానికి ఫారంలోనే చోటుంది, అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయించండి. రాసి ఉన్న తేడాకు కౌంటింగ్ రోజున సమాధానం ఉంటుంది. సర్దేసిన అంకె అయితే యంత్రం తెరిచాక బయటపడుతుంది, అప్పుడు అనుమానం అందరి మీదా పడుతుంది.

నకలు తీసుకునేటప్పుడు

నియమం 49-ఎస్ ప్రకారం ప్రతి ఏజెంటుకూ ధ్రువీకరించిన నకలు ఇవ్వడం ప్రిసైడింగ్ అధికారి బాధ్యత. అందుకు మీ దగ్గర రసీదు తీసుకుంటారు. అది మీరు బతిమాలి తెచ్చుకునే కాగితం కాదు. నకలు చేతికి రాకుండా రసీదు మీద సంతకం పెట్టకండి. ఫారం పై భాగంలో యంత్రాల నంబర్లను, కింద పేపర్ సీల్ నంబర్లను పొద్దున నోట్‌బుక్‌లో రాసుకున్నవాటితో పోల్చండి. ఒక్క అంకె తారుమారైనా అక్కడే దిద్దించి, దిద్దినచోట అధికారి సంతకం పెట్టించండి. అధికారి సంతకం, తేదీ, బూత్ నంబరు, మొత్తం ఓట్లు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. హడావుడిగా రాసిన 1, 7 లు తర్వాత గొడవకు దారితీస్తాయి. కంట్రోల్ యూనిట్‌ను పెట్టెలో పెట్టి సీలు చేసేటప్పుడు మీ సీలు కూడా వేయవచ్చు, ఆ అవకాశం వదులుకోకండి.

నకలును అదే రాత్రి ఎన్నికల ఏజెంటుకు అందించి, జిరాక్సు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టేసి అసలు కాగితం పోగొట్టుకునే అలవాటు మానాలి. కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చునే ఏజెంటుకు, అంటే ఫారం 18తో నియమించిన వ్యక్తికి, టేబుళ్ల వారీగా బూత్ నంబర్ల వరుసలో ఈ నకళ్లు పేర్చి ఇవ్వాలి. కంట్రోల్ యూనిట్ టేబుల్ మీదికి రాగానే ముందు నంబరు, తర్వాత సీలు, ఆ తర్వాత మొత్తం ఓట్లు సరిచూడాలి. ఫలితం బటన్ నొక్కేది వాటి తర్వాతే. మొత్తం తేడా వస్తే మాటలతో వాదనకు దిగకుండా, నకలు జతచేసి రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.