నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన జాగ్రత్తలు

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా? అయితే ఈ మాటలు వినాల్సింది ఇప్పుడే. టెస్టులో రెండు గీతలు కనబడ్డాక వింటే కొన్ని విషయాల్లో ఆలస్యమైపోతుంది.

బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక సన్నని గొట్టంలా తయారవుతాయి. గర్భం నిలిచిన 28 రోజులకల్లా అది మూసుకుపోవాలి. అంటే నెల తప్పి రెండు వారాలు దాటకముందే ఆ పని అయిపోతుంది. మనలో చాలామంది అప్పటికి ఇంకా డాక్టర్ని కూడా కలవం. ఆ గొట్టం సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. అందుకే ఆ మాత్ర రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. ముందు కాన్పులో బిడ్డకు వెన్ను లోపం ఉన్నా, మీకు షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా ఈ మోతాదు చాలకపోవచ్చు, డాక్టర్ని అడగండి. ఫిట్స్ మందుల్లో వాల్‌ప్రోయేట్ బిడ్డ మెదడుకు హాని చేస్తుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ముందే వెళ్లి మార్పించుకోండి.

థైరాయిడ్ సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ పట్టదు. మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే రావాలి. థైరాయిడ్ సరిగా పనిచేస్తోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లు నెల తప్పగానే డాక్టర్‌కి చెప్పాలి, సాధారణంగా మోతాదు పెంచాల్సి వస్తుంది. వంటకు అయోడైజ్డ్ ఉప్పే వాడండి, డబ్బాకి మూత పెట్టి ఉంచండి.

ఇక రక్తహీనత. మా చెల్లెలికి ఆరో నెల అప్పుడు, నేను తన పక్క సర్దుతుంటే దిండు కింద బలపాల పొట్లం దొరికింది. అడిగితే సిగ్గుపడి, "ఆ వాసన వస్తే ఆగలేకపోతున్నానక్కా" అంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8, అంటే రక్తం బాగా తక్కువ. బలపాలు, మట్టి, పచ్చిబియ్యం తినాలనిపిస్తే తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి ఇనుము కావాలి. నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలి. వాటివల్ల బిడ్డ నల్లగా పుడుతుందన్నది ఒట్టి అపోహ. వికారంగా ఉంటే రాత్రి భోజనమయ్యాక వేసుకోండి. టీతో మాత్రం వద్దు. కాల్షియం మాత్ర ఇంకో పూట వేసుకోండి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు.

మద్యం ఒక్క గుక్క కూడా వద్దు. ఇంట్లో ఎవరు సిగరెట్ కాల్చినా బయటికి పంపండి. జ్వరం వస్తే ఒకరోజు చూద్దాంలే అనుకోవద్దు.

టెన్షన్, నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, ఇవీ దాచుకోవాల్సినవి కావు. ఎవరితోనూ చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.