కాస్, సైన్ తారుమారైన లెక్క

అనంతపురంలో బీటెక్ మొదటి ఏడాది. మెకానిక్స్‌లో ఒక లెక్క మూడుసార్లు చేసినా 155 న్యూటన్లే వస్తోంది, పుస్తకంలో జవాబేమో 270. కొక్కేనికి రెండు తాళ్లు. ఒకటి అడ్డగీతకు 30 డిగ్రీలు పైకి, కుడివైపు 200 న్యూటన్లతో లాగుతోంది. రెండోది నిలువుగీతకు 20 డిగ్రీలు ఎడమగా, పైకి, 150తో. రెండూ కలిసి కొక్కేన్ని ఎంత బలంతో లాగుతాయో, అంటే ఫలిత బలం, కనుక్కోవాలి.

అచ్చుతప్పేమో అనుకున్నా. పక్క గది సీనియర్ ఉగ్గాని తింటూనే ఓసారి చూసి, "కోణం ఏ గీత నుంచి ఇచ్చినారో చూసినావా?" అన్నాడు.

అదే తప్పు. ఎక్స్‌కు (అడ్డానికి) కాస్, వైకి (నిలువుకి) సైన్ అని బట్టీ పట్టాను మరి! కోణం ఏ గీతను ఆనుకుని ఉంటే ఆ గీత వెంబడి అంశానికే, అంటే బలంలో ఆ దిశగా లాగే భాగానికే, కాస్. రెండో బలానికి అడ్డం అంశం 150 సైన్ 20, అంటే 51.3. ఎడమకు కాబట్టి మైనస్. నిలువు అంశం 141. అడ్డంగా మొత్తం 173.2 − 51.3 = 121.9, నిలువుగా 100 + 141 = 241. ఫలిత బలం 270, అడ్డగీతకు సుమారు 63 డిగ్రీల్లో.

రెండు బలాల మధ్య కోణం 80 డిగ్రీలే. 90 లోపు ఉంటే ఫలిత బలం పెద్ద బలం కన్నా ఎక్కువే రావాలి. 155 చూడగానే నాకు అనుమానం రావాల్సిందట. ఇప్పుడు కాలిక్యులేటర్ తీయకముందే బొమ్మ గీసి, కోణాన్ని ఆనుకున్న గీత మీద పెన్సిల్‌తో 'కాస్' అని రాసుకుంటున్నా.