చెరువును బాతులు పాడుచేస్తున్నాయా? తెలుసుకోవడం ఎలా, సరిచేయడం ఎలా?

నీళ్లు పచ్చబడగానే నేరం బాతుల మీద వేసేయకండి. మురుగు కలిసినా, పొలాల ఎరువు కొట్టుకొచ్చినా అంతే జరుగుతుంది. వలస పక్షులు కొన్నాళ్లుండి వెళ్లిపోతాయి. ఏడాదంతా అక్కడే ఉండే బాతుల సంగతే చూసుకోవాలి.

1. ముందు అవి ఎక్కడ మేస్తున్నాయో గమనించండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నీటిలోని నాచు, నత్తలు, పురుగులు తిని నీటిలోనే రెట్ట వేస్తే, ఉన్న పోషకాలే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. పెద్దబాతులు గట్టు మీద గడ్డి మేసో, జనం వేసిన గింజలు తినో నీటిలోకి దిగి రెట్ట వేస్తే మాత్రం బయటి ఫాస్ఫరస్, నైట్రోజన్ రోజూ చెరువులో చేరుతున్నట్టే. మంచినీటి చెరువుల్లో చాలాసార్లు నాచును అదుపులో ఉంచేది ఫాస్ఫరస్ కొరతే. ఆ కొరత తీరిందంటే నాచుకు పట్టపగ్గాలుండవు.

2. వారానికోసారి, ఒకే వేళకు బాతులను లెక్కపెట్టి రాసుకోండి. నీటి తేట కూడా కొలవండి. 20 సెంటీమీటర్ల గుండ్రటి పలకను నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు వేయండి. బరువు కట్టి తాడుతో దించి, ఎంత లోతులో కనబడకుండా పోయిందో రాయండి. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెచ్చి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ దీన్నే వాడుతున్నారు.

3. తెల్లవారుజామున ఒకసారి వెళ్లండి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి అప్పుడే నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే టెన్షన్ పడాల్సిందే. మెడ వాలిపోయిన బాతులు కనిపిస్తే బాటులిజం (బాక్టీరియా విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు) కావచ్చు. ముట్టుకోకుండా పశువైద్యులకు చెప్పండి.

4. రొట్టెలు, గింజలు వేయడం ఆపించండి. తిండి సులువుగా దొరికినంతకాలం అవి కదలవు.

5. గట్టు గడ్డిని నున్నగా కత్తిరించకండి. నీటి అంచున తుంగ, పొడవాటి గడ్డి పెరగనివ్వండి. శత్రువు దూరం నుంచే కనబడే చోటే పెద్దబాతులకు ఇష్టం, గుబురంటే జంకుతాయి. ఆ వేళ్లే గట్టు కోతను ఆపుతాయి, వాన నీటితో కొట్టుకొచ్చే రెట్టనూ కొంత పట్టేస్తాయి.

గూళ్లు, గుడ్ల జోలికి మాత్రం వన్యప్రాణి అధికారుల అనుమతి లేకుండా వెళ్లొద్దు.

అడుగు బురదలో పేరుకున్న ఫాస్ఫరస్ ఏళ్ల తరబడి పైకి వస్తూనే ఉంటుంది. బాతులు తగ్గాక కూడా తేట కొలతలు ఆపకండి.