టెఫ్లాన్ పొడితో ఐసోస్టాటిక్ మౌల్డింగ్ - మూడో పాఠం: రబ్బరు సంచి కొలత, పొడి నింపడం

టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ పారదు. అందుకే ప్లాస్టిక్‌ను కరిగించి మౌల్డులోకి తోసే ఇంజెక్షన్ మెషీన్‌కు లొంగదు. పొడిని వేడి చేయకుండానే గట్టిగా నొక్కి పచ్చి ముక్క (ఇంకా కాల్చని ముక్క) చేసి, తర్వాత ఓవెన్‌లో కాల్చాలి. ఆ నొక్కడాన్ని రబ్బరు సంచి మీద నీటి ఒత్తిడితో, అన్ని చోట్లా సమంగా చేయడమే ఐసోస్టాటిక్ మౌల్డింగ్. ఇంతవరకు కిందటి రెండు పాఠాల్లో చూశాం. ఇప్పుడు చేతిపని మొదలవుతుంది.

పెన్సిల్ పట్టుకునే ముందు ఒక సంగతి తేల్చుకోండి: మీ ముక్కలో ఏ ముఖం కచ్చితంగా రావాలి, లోపలిదా, బయటిదా? ఐసోస్టాటిక్ మౌల్డులో ఒకవైపు స్టీలు ఉంటుంది, రెండోవైపు రబ్బరు సంచి. స్టీలుకు ఆనిన ముఖం నున్నగా, కొలత ప్రకారం వస్తుంది. రబ్బరు వైపు ఎగుడుదిగుడుగా వస్తుంది, దాన్ని తర్వాత లేత్ మీద సరిచేసుకోవాల్సిందే. బుష్ (ఇరుసు తిరగడానికి వేసే గొట్టంలాంటి ముక్క) అయితే సాధారణంగా రంధ్రమే ముఖ్యం, కాబట్టి మధ్యలో స్టీలు కడ్డీ, చుట్టూ సంచి. పరవాడ ఫార్మా యూనిట్లలో ఆసిడ్ లైన్లకు వాడే, లోపల టెఫ్లాన్ పూత ఉండే లైనింగ్ వాల్వుల్లాంటి వాటికి ఇది తిరగబడుతుంది. అక్కడ వాల్వు బాడీయే స్టీలు మౌల్డు. సంచి లోపల ఉంటుంది, పొడి రెండింటి మధ్య ఉంటుంది, నీటి ఒత్తిడి సంచిని ఉబ్బించి పొడిని బాడీ గోడకు అదుముతుంది. టీ ఆకారం, వంపు గొట్టం, ఏదైనా సరే, నీరు అన్ని మూలలనూ ఒకే బలంతో నొక్కుతుంది. మామూలు ప్రెస్సులో పంచ్ (పైనుంచి నొక్కే కడ్డీ) ఒత్తిడి, డై (పొడి ఉండే స్టీలు అచ్చు) గోడ రాపిడికి తగ్గిపోతూ వెళ్తుంది. అందుకే అందులో పొడవాటి బుష్‌లు ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా వస్తాయి.

గాజువాక ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకు వెళ్లినా టెఫ్లాన్ రాడ్ కొని బుష్ తిప్పి ఇస్తారు. ఒకటి రెండు ముక్కలకు అదే చవక. కానీ గొట్టంలాంటి ముక్కయితే సగానికి పైగా చిప్స్‌గా పోతుంది, ఆ చిప్స్‌ను మామూలు ప్లాస్టిక్‌లా కరిగించి మళ్లీ పోసుకోవడం కుదరదు. పొడి ధర తెలిసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక లెక్క. మన పచ్చి ముక్క లోపలి వ్యాసం 50 మి.మీ., బయటి వ్యాసం 70, పొడవు 100 అనుకుందాం. పొడి సాంద్రత ముందు మీరే కొలవండి. అర లీటరు జాడీలో పొడి పోసి, పిండి డబ్బాను గట్టు మీద తట్టినట్టు తట్టి, అంచుకు సమం చేసి తూచండి. గుళికల రకం పొడి తట్టాక సి.సి.కి 0.84 గ్రాములు వచ్చిందనుకోండి. నొక్కాక ముక్క సాంద్రత సుమారు 2.1. అంటే పొడి రెండున్నర వంతుల నుంచి ఒక వంతుకు దిగుతుంది. సన్నపొడి వాడితే ఈ నిష్పత్తి ఐదుకు కూడా పోతుంది, అప్పుడు సంచి మడతలు పడి ముక్క మీద గీతలు దిగుతాయి. నేర్చుకునే దశలో గుళికల రకమే తీసుకోండి.

చాలామంది ఇక్కడే తప్పుతారు. గోడ మందం 10 మి.మీ. కదా, రెండున్నరతో గుణిస్తే 25, కాబట్టి సంచి వ్యాసం 100 అనేస్తారు. తగ్గేది ఘనపరిమాణం, మందం కాదు. వ్యాసాల వర్గాలతో లెక్క వేయాలి. 70 వర్గం 4900, 50 వర్గం 2500, తేడా 2400. దాన్ని 2.5తో గుణిస్తే 6000. కడ్డీ వర్గం 2500 కలిపితే 8500. దాని వర్గమూలం 92.2. సంచి లోపలి వ్యాసం ఇదే. 100 పెట్టి చేయిస్తే ముక్క 70కి బదులు 74 దాటి వస్తుంది, ఆ ఎక్కువంతా లేత్ కింద చెత్తే.

పొడి బరువు కూడా తేల్చుకోండి: ముక్క ఘనపరిమాణం 188.5 సి.సి., 2.1తో గుణిస్తే 396 గ్రాములు. సంచి నిండేలోపు ఇంత పట్టకపోతే పొడి సరిగా సర్దుకోలేదన్నమాట.

పొడవు విషయంలో మాత్రం ఉదారంగా ఉండండి. సంచి రెండు చివర్లా ఉండే గట్టి మూతల దగ్గర రబ్బరు లోపలికి వంగలేదు. అక్కడ ముక్క ఏనుగు పాదంలా వెడల్పుగా మిగులుతుంది. రెండు వైపులా కోసేయడానికి సరిపడా పొడవు పెంచి, బరువు కూడా ఆ మేరకు పెంచుకోండి.

నింపేటప్పుడు విశాఖలో అసలు తలనొప్పి వాతావరణం. 19 డిగ్రీల దగ్గర టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం మారి ఘనపరిమాణం సుమారు ఒక శాతం తేడా వస్తుంది, కాబట్టి అంతకంటే చల్లగా నొక్కితే తర్వాత పగుళ్లు. మే నెల ఉక్కపోతలో షెడ్డులో పెడితే పొడి మెత్తబడి ఉండలు కట్టి జారదు. 23 నుంచి 25 డిగ్రీల ఏసీ గదిలో డబ్బాను ఒక రోజు ఉంచి, అదే గదిలో నింపండి. చల్లటి డబ్బాను బయట షెడ్డులోకి తెచ్చి మూత తీశారంటే, సముద్రపు గాలిలోని తేమ పొడి మీద నీరై కూర్చుంటుంది. టెఫ్లాన్ నీటిని పీల్చదు గానీ, గుళికల మధ్య చిక్కిన ఆ నీరు ఓవెన్‌లో ఆవిరై ముక్కను చీలుస్తుంది.

బీడీ, సిగరెట్ ఆ గది దరిదాపులకు రాకూడదు. చేతికి అంటిన పొడి సిగరెట్ మీద పడి కాలితే ఆ పొగతో జ్వరం, వణుకు వస్తాయి.

కడ్డీ సరిగ్గా మధ్యలో నిలిచిందో లేదో చూసుకుని, పొడిని చుట్టూ కొద్దికొద్దిగా పోస్తూ ప్రతిసారీ సంచిని తేలిగ్గా తట్టండి. ఒకేసారి కుమ్మరిస్తే ఒకవైపు మందం, ఒకవైపు పలచన. నిండాక వాక్యూమ్ పెట్టి గాలి లాగేసి, మూత బిగించండి. లోపల మిగిలిన గాలి ఒత్తిడి కింద నలిగి, ఒత్తిడి తీయగానే వ్యాకోచిస్తుంది. అప్పుడు ముక్కలో అడ్డంగా వెంట్రుకంత సన్నటి పగులు వస్తుంది, అది కాల్చాకే కంటికి కనబడుతుంది. ఫిల్లర్ (గాజు, కార్బన్ లాంటి కలుపు) లేని పొడికి 250 నుంచి 350 బార్ చాలు. ఒత్తిడి నిదానంగా పెంచండి, కాసేపు నిలపండి, దించేటప్పుడు మరింత నిదానంగా దించండి.

ఇంటి పని: లోపలి వ్యాసం 40, బయటి వ్యాసం 60, పొడవు 80 ఉన్న పచ్చి ముక్కకు, ఇదే పొడితో, చివర్ల కోత కలపకుండా సంచి వ్యాసం, పొడి బరువు కట్టండి. 81 మి.మీ. పైచిలుకు, 264 గ్రాములు వస్తే లెక్క సరి. నాలుగో పాఠానికి ఓవెన్ దగ్గరికి వెళ్తాం, అక్కడ 370 డిగ్రీల దగ్గర ముక్క ఎంత ఉబ్బుతుందో, చల్లారాక ఎంత కుంచించుకుపోతుందో చూస్తాం. అప్పటికి ఒక కొలబద్ద, వెర్నియర్, నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి.