అవకలన సమీకరణాలు, 3వ భాగం: షరతును రెండుసార్లు వాడాలి

వై ఉన్నవన్నీ ఒకవైపు, ఎక్స్ ఉన్నవన్నీ ఇంకోవైపు చేర్చడం కిందటి భాగంలో చూశాం. ఈసారి లెక్కతో పాటు ఒక ప్రారంభ షరతు కూడా ఉంది.

డీవై/డీఎక్స్ = −ఎక్స్/వై; ఎక్స్ = 0 అయినప్పుడు వై = −3

చలరాశులను వేరుచేస్తే వై డీవై = −ఎక్స్ డీఎక్స్. సమాకలనం చేస్తే:

వై²/2 = −ఎక్స్²/2 + సి

నిజానికి చెరోవైపు ఒక స్థిరరాశి వస్తుంది. రెండూ తెలియనివే కాబట్టి కలిపేసి ఒక్క సి రాస్తాం. దాన్ని ఈ వరుసలోనే రాయాలి. ఇంటర్‌లో నేను మర్చిపోయి చివర్లో తగిలించేవాణ్ణి. ఇక్కడ అలా మర్చిపోతే వై² = −ఎక్స్² అని తేలుతుంది. వర్గం రుణసంఖ్య ఎలా అవుతుంది? పరీక్ష హాల్లో టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

సి రాశారు కదా, వర్గమూలం జోలికి పోకముందే షరతు వాడేయండి. ఎక్స్ = 0, వై = −3 పెడితే సి = 9/2. అంటే:

ఎక్స్² + వై² = 9

మూలబిందువు కేంద్రంగా, 3 వ్యాసార్థంతో ఉన్న వృత్తం ఇది. ఇక వై = ±√(9 − ఎక్స్²) అని రాసి చాలామంది పెన్ను పక్కన పెట్టేస్తారు. ఆ ± ఉండకూడదు. షరతులో వై = 3 అని ఇచ్చినా సి విలువ 9/2 అనే వచ్చేది; వర్గం చేయగానే గుర్తు మాయమైపోయింది మరి. అందుకే షరతు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. (0, −3) వృత్తం అట్టడుగున ఉంది, పై సగం అటువైపే రాదు. కాబట్టి జవాబు:

వై = −√(9 − ఎక్స్²), −3 < ఎక్స్ < 3

ఆ చివరి హద్దు అలంకారం కాదు. ఎక్స్ 3కి చేరితే వై సున్నా అవుతుంది, అసలు సమీకరణంలో వై హారంలో ఉంది.

సరిచూసుకుందాం. ఎక్స్ = 1 దగ్గర వై = −√8, వాలు 1/√8, అంటే ధనాత్మకం. గిన్నె అడుగు నుంచి కుడికి జరిగితే అంచు పైకి లేవాల్సిందే, సరిపోయింది.

ఇంటిపని: డీవై/డీఎక్స్ = 2ఎక్స్·వై²; ఎక్స్ = 0 అయినప్పుడు వై = 1. జవాబు వై = 1/(1 − ఎక్స్²) రావాలి. అది ఏ హద్దుల మధ్య చెల్లుతుందో మీరే రాయండి. ఇదే లెక్కలో షరతు వై = 0 అని మారిస్తే మన పద్ధతి మొదటి అడుగులోనే ఇరుక్కుంటుంది. ఎందుకో 4వ భాగంలో చూద్దాం.