మెడ తిప్పని ముసలి గ్రేహౌండ్‌ను సాకడం ఎలా

నాందేడ్ జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు పల్లెల్లో సన్న నడుము, పొడుగు కాళ్ల వేటకుక్కలు కొత్తేమీ కాదు. కార్వానీ అంటారు. గ్రేహౌండ్‌తో దాటించిన సంకరాలను కూడా చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. వన్యప్రాణి చట్టం కింద కుందేలు వేట నేరమైనా ఈ కుక్కల మీద మోజు పోలేదు. పరుగు తగ్గిన ముసలిదాని మీద మాత్రం ఎవరికీ మోజు ఉండదు. అలాంటి దాన్ని, ఓ మంచి ఇల్లు దొరికేదాకా ఉంచుకుందామని మీరు తెచ్చుకున్నారు. వారం తిరక్కముందే అది లేవబోయి కుయ్యిమంది, గిన్నెలోకి తల దించడం మానేసింది. పడిందా, కరిపించుకుందా, పాత జబ్బా అంటే చెప్పేవాళ్లు లేరు.

ఇలాంటప్పుడు మన దగ్గర జరిగేది ఒకటే: ఎవరో వచ్చి ఓ సూది వేస్తారు, రెండో రోజుకు కుక్క లేచి తిరుగుతుంది, పదో రోజుకు మళ్లీ పడుతుంది. ఆ సూది చాలాసార్లు డెక్సామెథాసోన్, అంటే స్టిరాయిడ్. అది నొప్పిని అణుస్తుంది, వెన్నుపూసల మధ్య చీము ఉంటే దాన్ని పెరగనిస్తుంది, తర్వాత చేసే పరీక్షలనూ తప్పుదారి పట్టిస్తుంది. అందుకే నొప్పి ఎక్కడో, ఎలాంటిదో రాసిపెట్టుకునేదాకా స్టిరాయిడ్ జోలికి పోవద్దు.

మెడే అని తేల్చుకోవడం

పిలిస్తే తల ఒక్కటే కాక ఒళ్లంతా తిప్పి చూస్తుంది, లేదా కళ్లు మాత్రమే తిప్పుతుంది. తలను వీపు మట్టానికి దించి ముక్కు ముందుకు చాచి నిలబడుతుంది. ఒళ్లు దులుపుకోబోయి మధ్యలో ఆగిపోతుంది. నేల మీద గిన్నె వదిలేస్తుంది గాని అదే అన్నం చేతిలో పెట్టి మూతి దగ్గరికి తెస్తే తింటుంది. ఈ చివరిది చాలా విలువైన గుర్తు, ఎందుకంటే ఇంట్లోవాళ్లు దాన్ని "తిండి మానేసింది" అని చెప్తారు, డాక్టరు కడుపు జబ్బు వెతుకుతాడు.

కొన్ని ఒక ముందుకాలు ఎత్తి పట్టుకుంటాయి. ముల్లు గుచ్చుకుందేమో అని పాదమంతా వెతుకుతారు, ఏమీ దొరకదు. మెడలోంచి కాలికి పోయే నరం మొదట్లోనే నొక్కుకుంటే అలా ఎత్తుతుంది. అయితే గ్రేహౌండ్ రక్తమున్నవాటికి పాదం మెత్తల్లో ఆనెకాయలు కూడా ఎక్కువే. బండల మీద కుంటి, మెత్తటి మట్టి మీద బాగా నడిస్తే అది ఆనె. రెండుచోట్లా ఒకేలా ఎత్తితే మెడనో భుజాన్నో చూడాలి.

ఇప్పుడు బిస్కెట్ పరీక్ష. కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండగా వాసన గట్టిగా వచ్చే ముక్క, ఉడికిన కోడి అయితే మంచిది, ముక్కు దగ్గర పెట్టి మెల్లగా ఎడమ భుజం వైపు, కుడి భుజం వైపు, నేలకు, పైకి జరపండి. ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూసి రాసుకోండి. తల చేత్తో పట్టి తిప్పడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎముక పుచ్చి ఉన్నా, కీలు వదులై ఉన్నా ఆ ఒక్క తిప్పుతో లోపలి వెన్నుపాము నలిగిపోవచ్చు. మెడ విరిచి సరిచేస్తామనేవాళ్లను, ఎద్దులకు పెట్టినట్టు వాత పెడతామనేవాళ్లను గడప దాటనివ్వకండి.

తర్వాత పాదాలు. పొట్ట కింద ఒక చెయ్యి ఆనించి బరువు కాస్త మోస్తూ, పాదాన్ని మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టి వదలండి. బాగున్న కుక్క రెప్పపాటులో పాదాన్ని సరిగ్గా పెట్టుకుంటుంది. ఆలస్యమైనా, అలాగే నిలబడిపోయినా నరాల దాకా వచ్చిందని అర్థం. నాలుగు కాళ్లకూ చేయండి. గోళ్ల పైభాగం అరిగిపోయి ఉంటే అది ఈడ్చుకుంటూ నడవడం ఇవాళ మొదలైంది కాదు.

జ్వరం చూడటానికి డిజిటల్ థర్మామీటరుకు కొబ్బరినూనె రాసి ఆసనంలో అంగుళం మేర పెట్టాలి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. ఈ జాతి కుక్కలు బెదిరినా, ఆటోలో తిరిగినా ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి అరగంట పడుకున్నాకే చూడండి. 103 దాటితే అదే రోజు దవాఖానకు తీసుకెళ్లాలి.

పట్టీ తీసి వెంట్రుకలు పాయలుగా విడదీసి మెడంతా చూడండి. తాడు ఒరిసిన పుండు, పురుగు పట్టిన గాయం, కరిచిన చోట చర్మం కింద చీముగడ్డ, చెవి లోపల దుర్వాసన, పిడుదులు. సగం "అంతుపట్టని" నొప్పులు ఇక్కడే బయటపడతాయి. నోరు తెరిచి చూడబోయే ముందు ఒక్క మాట: దవడ వేలాడుతున్నా, చొంగ ఆగకుండా కారుతున్నా, నీళ్లు మింగలేకపోతున్నా, ఉన్నట్టుండి గుణం మారినా నోట్లో చెయ్యి పెట్టకండి. రేబీస్ టీకా పడిందో లేదో తెలియని కుక్క అది. గొంతులో ఎముక ఇరుక్కుందని చెయ్యి పెట్టి ప్రాణం మీదకు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. కరిచినా, చొంగ గాయానికి తగిలినా 15 నిమిషాలు సబ్బు, ధారగా నీళ్లతో కడిగి అదే రోజు మనుషుల దవాఖానలో టీకా మొదలుపెట్టించుకోవాలి.

దవాఖానలో

మన వైపు పశువుల డాక్టర్లు ఎక్కువమంది మరాఠీలో మాట్లాడతారు. "కుత్ర్యాచీ మాన్ దుఖతే" అంటే కుక్క మెడ నొప్పి. "చార్ దివసాంపాసూన్" అంటే నాలుగు రోజుల నుంచి. పిడుదు గోచీడ్, పిడుదు జ్వరం గోచీడ్ తాప్. వేసిన ప్రతి సూది పేరూ చీటీ మీద రాయించుకోండి, ఖాళీ సీసా ఫోటో తీసుకున్నా చాలు. తాలూకా దవాఖానలో తేలకపోతే ఉద్గీర్‌లోనూ పర్భణీలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. తెలుగులో మాట్లాడితేనే నెమ్మదిగా ఉంటుందనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ కళాశాల ఉంది.

మొదటి విడతలో రక్తం, మూత్రపిండాల లెక్క, మెడకు రెండు వైపుల నుంచి ఎక్స్‌రే. రక్తపరీక్ష కాగితం చూసేటప్పుడు గ్రేహౌండ్ సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి. వీటికి ప్లేట్‌లెట్లు పుట్టుకతోనే తక్కువ. ఆరోగ్యంగా ఉన్నదానికీ లక్ష పైచిలుకే ఉండవచ్చు. ఎర్రకణాల శాతం మాత్రం 50 నుంచి 65 దాకా ఉంటుంది. కాబట్టి "ప్లేట్‌లెట్లు తక్కువ, గోచీడ్ తాప్" అని కాగితం చూసి తేల్చేయడం ఇక్కడ పనికిరాదు. రక్తపు చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి, వీలైతే కిట్ పరీక్ష చేయాలి. తిరగేసి చూస్తే, ఎర్రకణాలు 38 శాతం ఉంటే మామూలు కుక్కకు ఫరవాలేదు గాని గ్రేహౌండ్‌కు అది రక్తం తగ్గినట్టే. థైరాయిడ్ లెక్క కూడా వీటికి సహజంగా తక్కువే, దానికోసం జీవితకాలం మాత్రలు మొదలుపెట్టించకండి.

పిడుదు జ్వరం నిజంగానే ఉంటే డాక్సీసైక్లిన్ కిలోకు 10 మి.గ్రా. చొప్పున రోజూ, 28 రోజులు. మూడు నాలుగు రోజుల్లో తేడా కనిపించాలి. కనిపించకపోతే కారణం ఇంకోటి ఉంది. మాత్ర ఉత్తగా మింగిస్తే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది, ముద్దలో పెట్టి, వెంట నీళ్లు తాగించాలి.

ఎక్స్‌రే బాగుందంటే అంతా బాగుందని కాదు. పూసల మధ్య మెత్త జారితే అది ఎక్స్‌రేలో నేరుగా కనబడదు. పూసల మధ్య చీము పట్టడం మొదలైన రెండు మూడు వారాలకు గాని ఎముక మీద గుర్తు పడదు. అందుకే జ్వరం, బరువు తగ్గడం ఉండి మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే మూడు వారాలకు మళ్లీ తీయించాలి. ఆ చీముకు బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి కారణం కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది. విత్తులు కొట్టని మగకుక్క అయితే వృషణాల వాపు చూడమనండి, మూత్రం తుడిచేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. ముసలి గ్రేహౌండ్‌లో ఎముక క్యాన్సర్ భయం కూడా ఉంటుంది. భుజం దగ్గరి ఎముకలో మొదలైతే దూరానికి మెడ నొప్పిలాగే కనబడుతుంది. ఎక్స్‌రే పలక మెడతో ఆపకుండా భుజం కీలు దాకా జరపమని అడగండి.

ఎక్స్‌రే కోసమో పళ్ల కోసమో మత్తు ఇవ్వాల్సి వస్తే థయోపెంటోన్ వద్దని ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును నెమ్మదిగా విరుస్తుంది, గంటల తరబడి తేరుకోవు. ప్రొపోఫాల్ నయం.

మందులు

ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఏదీ వేయకండి. కడుపులో పుండు, నల్లటి విరేచనం, మూత్రపిండాల దెబ్బ. పశువులకు డైక్లోఫెనాక్‌ను రాబందుల చావుల వల్ల 2006లో, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లో నిషేధించారు. పాత నిల్వ ఎవరి సంచిలోనైనా ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి. నొప్పి బాములు కూడా అంతే, రాసింది నాకేస్తుంది.

డాక్టరు సాధారణంగా రాసేది మెలోక్సికామ్: మొదటి రోజు కిలోకు 0.2 మి.గ్రా., తర్వాత రోజుకోసారి 0.1. అంటే 28 కిలోల కుక్కకు రెండో రోజు నుంచి 2.8 మి.గ్రా. మందుల దుకాణంలో దొరికే 15 మి.గ్రా. మాత్ర ఒకటి దానికి ఐదు రోజుల మందు! ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. బరువు అంచనా వేయకుండా ధాన్యం తూచే కాటా మీద నిలబెట్టి చూడండి. కడుపు నిండాకే ఇవ్వాలి, వాంతి అయితే ఆపేయాలి. స్టిరాయిడ్ పడి వారం కాలేదంటే ఆ సంగతి చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. రెండూ కలిస్తే కడుపు చిల్లు పడేదాకా పోతుంది.

నరం నొప్పి అనుమానముంటే గాబాపెంటిన్ కలుపుతారు. కిలోకు 10 మి.గ్రా. లెక్కన ఈ బరువుకు 300 మి.గ్రా. గొట్టం మాత్ర (క్యాప్సూల్) ఒకటి, 8 నుంచి 12 గంటలకోసారి. దుకాణదారు చేతికి ముందు వచ్చేది నార్‌ట్రిప్టిలిన్ కలిపిన మాత్ర, అది తీసుకోకండి, ఉత్త గాబాపెంటినే కావాలని అడగండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా తూలుతుంది. ఆ తూలడం మందుదా జబ్బుదా అని తేలాలంటే మందుకు ముందు చేసిన పాదం పరీక్ష రాసి ఉండాలి. తగ్గింది కదా అని ఒక్కసారే ఆపవద్దు, మెల్లగా దించాలి.

ఇంట్లో నాలుగు వారాలు

ఆరు అడుగుల చోటు, గోడవార, షాబాదు బండ మీద అయితే కింద రబ్బరు చాప లేదా గోనె సంచులు, పైన రెండు బొంతలు మడతపెట్టి పరవండి. వీటికి ఎముకల మీద కండే తప్ప కొవ్వు లేదు, పలచటి పక్క మీద మోచేతులు పుండ్లు పడతాయి. మంచం ఎక్కడం, మెట్లు, గడప దూకడం, ఇంకో కుక్కతో ఆట, అన్నీ బంద్. రోజుకు నాలుగు సార్లు ఐదేసి నిమిషాలు మూత్రానికి నడిపించి తీసుకురావడమే. నొప్పి తగ్గిన రెండో వారమే అసలు ప్రమాదం. కుక్క హుషారుగా ఉంటుంది, పిల్లల మనసు కరుగుతుంది, వదిలేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

తిండి, నీళ్ల గిన్నెలు ప్లాస్టిక్ స్టూలు మీద, కుక్క ఛాతీ ఎత్తులో పెట్టండి. తల దించే పనీ ఎత్తే పనీ ఉండకూడదు.

మెడపట్టీ తీసేయాలి. వీటి మెడ తలకన్నా లావు, మామూలు పట్టీ జారిపోతుంది, జారకుండా బిగిస్తే అదే నొప్పి. ఛాతీకి కట్టే పట్టీ ఈ ఒంటి కొలతకు దొరక్కపోతే మంచానికి అల్లే నవారుతో కుట్టించుకోవచ్చు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసి రెండు వేళ్లు పట్టేంత వదులుతో ఒక చుట్టు. భుజాల మీదుగా వచ్చి రొమ్ము ఎముక మీద కూర్చునే మరో చుట్టు, అది గొంతుకు తగలకూడదు. రెండింటినీ వీపు మీద ఒక ముక్క, ముందుకాళ్ల మధ్య ఒక ముక్క కలుపుతాయి. తాడు కట్టే ఇనుప వలయం వీపు మీదే ఉండాలి. వెనక్కి జారి తప్పించుకోకుండా పొట్ట సన్నబడే చోట మూడో చుట్టు వేయించండి. చంకల్లో నవారు అంచు ఒరుస్తుంది, అక్కడ పాత బనియను గుడ్డ చుట్టి కుట్టాలి.

కాపడానికి గుడ్డను వేడినీళ్లలో పిండి, మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, పది నిమిషాలు, పూటకోసారి. పెనం మీద వేయించిన ఉప్పు మూట వద్దు. ఈ పలచటి చర్మం ఒకేచోట కాలి ఊడుతుంది. జ్వరం ఉన్నా, వేడిగా వాచిన గడ్డ ఉన్నా, మే నెల ఎండల్లోనూ కాపడమే వద్దు. చలికాలం రాత్రులు మాత్రం పాత స్వెటరు చెయ్యి కత్తిరించి మెడకు తొడిగితే కండలు బిగుసుకోవు.

నోటుబుక్కులో రోజూ అయిదే గీతలు: ఎన్నిసార్లు అరిచింది, బిస్కెట్ ఎటువైపు ఎంతవరకు వచ్చింది, పాదం పరీక్ష, జ్వరం, ఎంత తిన్నది. ఏ మందు ఏ పూట పడిందో పక్కన. మందు ఆపిన రెండు రోజులకే అరుపు తిరిగొస్తే, వారం దాటినా ఏ మార్పూ లేకపోతే, ఆ పుస్తకంతోనే మళ్లీ వెళ్లాలి.

వెనకకాళ్లు తడబడటం, పాదం మడతపడి నడవడం, పన్నెండు గంటలు మూత్రం రాకపోవడం, నాలుగు కాళ్లూ చచ్చుబడటం, ఊపిరి అందకపోవడం: వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. చంకల్లో చేతులు వేసి లేపకుండా, ప్లైవుడ్ పలక మీదకు దుప్పటితో సహా జరిపి, మెడ వీపుతో ఒకే గీతలో ఉండేలా పక్కల చుట్టిన బట్టలు పెట్టి, నలుగురు ఎత్తాలి. మెడ చుట్టూ ఏమీ కట్టొద్దు.

అయిదో వారం నుంచి రోజుకు పది నిమిషాల నడక, వారానికి మరో ఐదు నిమిషాలు పెంచుతూ పోవాలి. పరుగు రెండు నెలల దాకా లేదు. కొత్త ఇంటివాళ్లు వస్తే ఎక్స్‌రేలు, నోటుబుక్కు, నవారు పట్టీ, స్టూలు అన్నీ కుక్కతోపాటే ఇవ్వండి. మెడ నొప్పి సంగతి ముందే చెప్పండి. పాత పట్టీ మాత్రం ఇవ్వకండి, ఇస్తే దాన్నే కడతారు.